ఎక్స్‌పల్స్ 200 4వీ: బెజవాడ ఎండలో వేడి, రాళ్లలో పికప్

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో హీరో కంపెనీ ఆఫ్‌రోడ్ బైకు ఎక్స్‌పల్స్ 200 4వీని కొండపల్లి వైపు రాళ్ల దారుల్లోనో, కృష్ణ ఇసుకలోనో తిప్పేవాళ్ల దగ్గర ప్రధానంగా రెండు ఫిర్యాదులు వినిపిస్తాయి. ఒకటి, ఇంజిన్ మండిపోతోంది. రెండోది, కింద, అంటే ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు, పికప్ లేదు, ఎత్తు రాగానే బండి నీరసించిపోతోంది. ఈ రెంటినీ వేరువేరు జబ్బులుగా చూసి వేడికి ఖరీదైన ఆయిల్, పికప్‌కి పెద్ద స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ల చక్రం) వేయించుకునేవాళ్లు చాలామంది. నిజానికి ఎక్కువసార్లు ఈ రెండూ ఒకటే. ఇంజిన్ పడే కష్టం చక్రం దాకా చేరకుండా మధ్యలో ఎక్కడో వేడిగా మారిపోతోంది. ఆ చోటు పట్టుకుంటే రెండు ఫిర్యాదులూ కలిసే తగ్గుతాయి. ఈ రివ్యూలో బండి స్వభావం ఎంత, మన వాడకం ఎంత, రిపేరు ఎంత అన్నది విడదీసి చెబుతున్నాం.

ముందు స్వభావం. 2021 అక్టోబరులో వచ్చిన ఈ 4 వాల్వుల ఇంజిన్ 199.6 సీసీ. 8500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర 19.1 పీఎస్ పవర్, 6500 దగ్గర 17.35 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, ఇస్తుంది. ఈ అంకెల్లో అసలు చూడాల్సింది 6500. బండి బలమంతా అక్కడుంది. 3000 ఆర్‌పీఎం దగ్గర కూడా అంతే టార్క్ ఇస్తుందనుకున్నా, లెక్క ప్రకారం అక్కడ దొరికే పవర్ 7.4 పీఎస్ దాటదు. 158 కిలోల బండి, దాని మీద 75 కిలోల మనిషి, ఎదురుగా రాళ్ల మెట్టు. 7 పీఎస్‌తో అది ఎక్కడం కష్టమే. పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 మీద తిరిగి ఇటు మారినవాళ్లకు ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. దాని 32 న్యూటన్ మీటర్ల టార్క్ 4000 నుంచి 4500 ఆర్‌పీఎం మధ్యే వచ్చేస్తుంది. అయితే అది 200 కిలోలకు దగ్గరున్న బండి, పడితే ఒక్కడే లేపడం కష్టం. ఎక్స్‌పల్స్ పడితే లేపుకోవచ్చు. 220 మి.మీ. గ్రౌండ్ క్లియరెన్సు, ముందు 21 అంగుళాల చక్రం, వెనక 18 అంగుళాల చక్రం. ఇంత తేలిక బండి, ఇలాంటి చక్రాలతో, ఈ డబ్బుకి మన దగ్గర దొరకడమే గొప్ప. మా అభిప్రాయం దాచుకోవడం లేదు: ఇది మంచి బండి, కానీ ఇంజిన్‌ని బాగా తిప్పి తోలాల్సిన బండి.

అందుకే మొదటి పరీక్ష రెంచీ పట్టుకుని చేసేది కాదు, తోలే పద్ధతిలో చేసేది. ఎత్తు ముందు మొదటి గేరులోకి దించి, 4500 నుంచి 5500 ఆర్‌పీఎం మధ్య ఉంచి, క్లచ్ లీవర్ పూర్తిగా వదిలేసి ఎక్కించి చూడండి. అలా ఎక్కితే ఇంజిన్‌లో జబ్బు లేదు. రెండో గేరులో 2500 దగ్గర గునుస్తూ ఎక్కిస్తేనో, సగం క్లచ్ పట్టుకుని రేజ్ చేస్తూ ఎక్కిస్తేనో వేడి పుట్టించేది మీరే. గునుస్తూ ఎక్కిస్తే ఇంజిన్ టకటక కొట్టుకుంటుంది, అదే నాకింగ్. సగం క్లచ్‌తో ఎక్కిస్తే క్లచ్ ప్లేట్లు రాసుకుని, ఆ వేడి నేరుగా ఆయిల్‌లోకి పోతుంది. ఈ బండిలో ఇంజిన్‌కీ గేర్లకీ క్లచ్‌కీ ఆయిల్ ఒక్కటే, పైగా ఇంజిన్‌ని చల్లబరిచే పని కూడా అదే చేయాలి. క్లచ్‌ని కాల్చడమంటే కూలింగ్‌ని కాల్చుకోవడమే.

ఇక్కడ ఒక మాట. ఈ బండికి రేడియేటర్ లేదు, కూలెంట్ లేదు, ఫ్యాన్ లేదు. "కూలెంట్ ఏది పోయమంటారు?" అని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు, దయచేసి ఎక్కడా ఏదీ పోయకండి. ఉన్నదల్లా ఇంజిన్ ముందు 7 రెక్కల చిన్న ఆయిల్ కూలర్, సిలిండరు చుట్టూ రెక్కలు. గాలి తగిలితేనే ఇవి పనిచేస్తాయి. బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో మే నెల మధ్యాహ్నం మూడు సిగ్నళ్లు ఆగితే కాళ్లకు సెగ కొట్టడం సహజం, అది రోగం కాదు. అలాగే రాళ్లలో 10 కి.మీ. వేగంతో అరగంట ఎక్కితే ఇంజిన్ వేడెక్కి తీరుతుంది. రోగం అని ఎప్పుడు అనుమానించాలంటే, ఖాళీ రోడ్డు మీద 50, 60 వేగంతో పది నిమిషాలు పోయినా సెగ తగ్గకపోతే, లేదా వేడెక్కాక ఐడ్లింగ్ దిగిపోయి బండి ఆగిపోతుంటే, న్యూట్రల్ పడటం మొండికేస్తుంటే, ఆపి మళ్లీ సెల్ఫ్ కొడితే స్టార్టు కాకపోతే.

అలా ఉంటే కింది వరుసలోనే చూడండి. ఖర్చు లేనివి ముందు, ఖర్చున్నవి చివర.

ఆయిల్ కూలర్‌తో మొదలుపెట్టండి. గుంటూరు జిల్లా నల్లరేగడి సంగతి తెలిసిందే. తడిలో టైరుకి పిండిలా పట్టుకుంటుంది, ఎండితే ఇటుకే. ముందు చక్రం చిమ్మిన ఆ మట్టి నేరుగా కూలర్ మీద పడి, రెక్కల మధ్య దూరి గట్టిపడుతుంది. పైన తుడిస్తే శుభ్రంగానే కనిపిస్తుంది, లోపల మాత్రం గాలి పోయే దారి ఉండదు. చీకట్లో కూలర్ వెనక టార్చి పెట్టి ముందు నుంచి చూడండి. వెలుగు అన్ని వరుసల్లోంచీ రావాలి. రాని చోట నీళ్లు, కాస్త షాంపూ వేసి అరగంట నాననిచ్చి, పాత టూత్‌బ్రష్‌తో రెక్కలు సాగే దిక్కులోనే మెల్లగా తోమాలి. వాటర్ సర్వీసింగ్ షాపులో ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టి కొడితే ఆ రెక్కలు రేకు ముక్కల్లా వంగిపోతాయి. వంగిన రెక్కా, మట్టి పట్టిన రెక్కా ఒకటే, రెండూ గాలిని ఆపేస్తాయి. వంగినవాటిని పలచటి ప్లాస్టిక్ బద్దతో ఒక్కోటీ నిలబెట్టవచ్చు, ఓపిక ఉండాలి. కాలిపోతున్న ఇంజిన్ మీద మాత్రం చన్నీళ్లు కొట్టకండి.

కూలర్ ముందు ఏముందో కూడా చూడండి. అందం కోసమో రాత్రి ప్రయాణం కోసమో సేఫ్టీ గార్డుకి రెండు ఫాగ్ ల్యాంపులు, వాటి పక్కన సామాను సంచులు, కింద బయట కొన్న వెడల్పాటి బ్యాష్ ప్లేటు (ఇంజిన్‌కి రాళ్లు తగలకుండా అడుగున బిగించే రేకు). ఇవన్నీ బిగించాక కూలర్‌కి గాలి ఎటునుంచి రావాలి? ల్యాంపులను కూలర్ ఎత్తు నుంచి తప్పించి పైకో పక్కకో జరపండి. బ్యాష్ ప్లేటుకి గాలి బెజ్జాలు లేకపోతే ఆటోనగర్‌లో ఏ లేత్ షాపు దగ్గరైనా వేసిపెడతారు. పెద్దగా ఖర్చు లేని ఈ సర్దుబాటుతోనే చాలా బండ్లలో సగం సమస్య తీరుతుంది.

తర్వాత బ్రేకులు. ఇసుక, బురద కాలిపర్ (డిస్కుని ప్యాడ్లతో నొక్కే భాగం) పిన్నుల్లోకి దూరితే ప్యాడ్లు పూర్తిగా వెనక్కి రావు. బ్రేకు కొంచెం పట్టుకునే ఉంటుంది, బండి బరువుగా లాగుతుంది, మనమేమో ఇంజిన్‌లో పికప్ లేదనుకుంటాం. బండిని స్టాండు మీదకు ఎత్తి, న్యూట్రల్‌లో వెనక చక్రాన్ని చేత్తో గట్టిగా తిప్పండి. చైను ఉంది కాబట్టి ముందు చక్రమంత తేలిగ్గా తిరగదు, అయినా రెండు చుట్లకు తక్కువ కాకుండా తిరగాలి. పావు చుట్టుకే ఆగితే కాలిపర్ విప్పి, పిన్నులు శుభ్రం చేసి సిలికాన్ గ్రీజు రాయాలి. మామూలు గ్రీజు రాస్తే రబ్బర్లు ఉబ్బి మళ్లీ అదే కథ. వెనక బ్రేకు పెడల్‌కి కొంచెం వదులు ఉందో లేదో చూసుకోండి. ఆఫ్‌రోడ్ బూట్లు వేసుకున్నాక కాలు తెలియకుండానే పెడల్ మీద ఆనుతుంది. అలాంటప్పుడు పెడల్ ఎత్తు కాస్త దించుకోవాలి.

అసలైన దోషి ఎక్కువసార్లు దొరికేది క్లచ్ దగ్గర. ఇక్కడ కాస్త నిదానంగా చూడాలి. లీవర్ చివర 10 నుంచి 15 మి.మీ. వదులు ఉండాలి. అది లేకపోతే మీరు లీవర్ పట్టుకోకపోయినా ప్లేట్లు పూర్తిగా అతుక్కోవు. పరీక్ష ఇలా చేయాలి. ఖాళీ రోడ్డు మీద, అంటే తెల్లవారుజామున ఏ కరకట్ట రోడ్డు మీదో, నాలుగో గేరులో 40 వేగంతో పోతూ ఒక్కసారిగా పూర్తి రేజ్ ఇవ్వండి. ఆర్‌పీఎం, వేగం రెండూ కలిసి మెల్లగా పెరిగితే క్లచ్ బాగున్నట్టే. ఆర్‌పీఎం మాత్రం ఎగిరిపోయి వేగం అక్కడే ఉంటే క్లచ్ జారుతోంది. ఈ పరీక్ష ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, అరగంట నడిపి వేడెక్కాక ఇంకోసారి చేయాలి. వేడి మీద మాత్రమే జారే క్లచ్‌లు ఎక్కువ. చల్లగా ఉన్నప్పుడు షాపులో చూసి "బాగానే ఉంది" అని పంపించేది అందుకే.

జారుతోందంటే వెంటనే ప్లేట్లు మార్పించకండి. ముందు ఆయిల్ డబ్బా మీద ఏం రాసుందో చూడండి. జాసో ఎంఏ లేదా ఎంఏ2 అన్న గుర్తు, అంటే ఆయిల్‌లో మునిగే బైకు క్లచ్‌కి పనికొస్తుందన్న గుర్తు, ఉండి తీరాలి. కారు ఆయిల్‌లో రాపిడి తగ్గించే మందులు ఉంటాయి. అవి కారుకి మేలు, ఆయిల్‌లో మునిగి పనిచేసే మన క్లచ్‌కి చేటు. ఖరీదు ఎక్కువైతే మంచి ఆయిల్ అనుకుని కారుది పోయించినవాళ్లకే ఈ తిప్పలు. సరైన ఆయిల్ పోసి, వదులు సరిచేసి, రెండు వందల కిలోమీటర్లు తిప్పాక కూడా జారితే అప్పుడు ప్లేట్లు, స్ప్రింగులు కలిపి మార్చాలి. పాత స్ప్రింగులు ఉంచి కొత్త ప్లేట్లు వేయడం సగం పనే. విప్పినప్పుడు ఇనుప ప్లేట్లు నీలం రంగు తిరిగాయేమో చూడండి. తిరిగితే అవి బాగా కాలినట్టు, గాజు పలక మీద పెట్టి వంకర చూడకుండా మళ్లీ వాడకూడదు. కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లు బిగించే ముందు కనీసం ఒక గంట, వీలైతే రాత్రంతా ఆయిల్‌లో నానబెట్టాలి. పొడిగా బిగిస్తే మొదటి ఎత్తులోనే కాలిపోతాయి.

ఆయిల్ కొలత కూడా ఇక్కడే. బండి నిటారుగా ఉండాలి. సైడు స్టాండు మీద వాలి ఉన్నప్పుడు చూసిన కొలత కొలత కాదు. తక్కువైతే వేడి, ఎక్కువైనా వేడే, ఎందుకంటే ఎక్కువైన ఆయిల్‌ని చిలకడానికే ఇంజిన్ బలం పోతుంది. దుమ్ములో, ఇసుకలో వారం వారం తిప్పే బండికి హ్యాండ్‌బుక్‌లో చెప్పిన కిలోమీటర్లలో సగానికే ఆయిల్ మార్చడం మంచిది. కాలవ దాటించాక ఆయిల్ పాలలా తెల్లబడితే లోపలికి నీళ్లు పోయినట్టు, ఆ బండిని స్టార్టు చేయకుండా ఆయిల్ దించేయండి.

ఇక గాలి, పెట్రోలు. ఇంజిన్‌కి పెట్రోలు చాలకపోతే కింద లాగదు, పైగా వేడెక్కుతుంది. రెండు ఫిర్యాదులూ కలిసి వచ్చే రెండో చోటు ఇదే. ప్లగ్గు తీసి రంగు చూడండి. లేత గోధుమ రంగు బాగున్నట్టు. సున్నంలా తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువ. మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ లేదా ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయింది. తెల్లగా ఉన్నప్పుడు మొదట అనుమానించాల్సింది థ్రాటిల్ బాడీకీ (రేజ్ ఇస్తే గాలిని లోపలికి వదిలే భాగం) ఇంజిన్‌కీ మధ్య ఉన్న రబ్బరుని. ఐడ్లింగ్‌లో ఉంచి ఆ రబ్బరు చుట్టూ కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే కొంచెం కొట్టండి. ఐడ్లింగ్ మారితే పగులు ఉన్నట్టే. సైలెన్సర్ వైపు వేడికి స్ప్రే తగలకుండా జాగ్రత్త, మంట అంటుకుంటుంది. రబ్బరు బాగుంటే ఇంజెక్టరు, పంపు దగ్గరి జాలీ చూడాలి. నెలల తరబడి నిలవ ఉన్న పెట్రోలు, వానాకాలంలో ట్యాంకులో చేరిన నీళ్లు చాలాసార్లు కారణం. 2023లో వచ్చిన మోడల్ నుంచి ఈ బండి ఈ20 పెట్రోలుకి, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకి, తయారైంది. అంతకు ముందుది వాడేవాళ్లు పైపులు, రబ్బర్లు గట్టిపడ్డాయేమో ఏడాదికోసారైనా చూడాలి. ఇథనాల్‌లో పెట్రోలు కంటే లీటరుకి మూడో వంతు శక్తి తక్కువ కాబట్టి పికప్‌లో కొద్దిపాటి తేడా మామూలే, దాన్ని వెతుక్కుంటూ ఇంజిన్ విప్పకండి.

సౌండు కోసం సైలెన్సర్ మార్చినవాళ్లు ఒక సంగతి గమనించాలి. ఖాళీ పైపు వల్ల పైన ఎక్కడో చిన్న లాభం ఉంటే ఉండవచ్చు, మనకు కావలసిన 3000, 4000 దగ్గర మాత్రం నష్టమే. ఈసీయూలో (పెట్రోలు ఎంత పోయాలో నిర్ణయించే కంప్యూటర్) మ్యాపు, అంటే ఆ లెక్కల పట్టిక, మార్చకుండా పైపు మాత్రం మారిస్తే పూర్తి రేజ్‌లో పెట్రోలు చాలదు. బిగింపు దగ్గర గ్యాస్కెట్ లీకైతే ఇంకో తంటా. అక్కడ బయటి గాలి లోపలికి పీలుస్తుంది, ఆక్సిజన్ సెన్సరు అది చూసి పెట్రోలు తక్కువైందనుకుంటుంది, ఈసీయూ అనవసరంగా ఎక్కువ పోస్తుంది. పైపు మార్చాకే పికప్ పోయిందంటే పాత సైలెన్సర్ తిరిగి బిగించి చూడటం కంటే తేలికైన పరీక్ష లేదు.

ట్యాపెట్లు, అంటే వాల్వుల దగ్గరి సన్నని గ్యాప్, ఇంజిన్ పూర్తిగా చల్లారాకే చూడాలి, అంటే రాత్రి షాపులో వదిలి పొద్దున చూడాలి. సాయంత్రం నడుపుకుంటూ వెళ్లి గంటలో సెట్టింగు చేయించుకోవడం వృథా. శబ్దం వస్తుందని మరీ బిగిస్తే ఎగ్జాస్ట్ వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ పోతుంది, వాల్వు కాలుతుంది, వేడి మీద స్టార్టవదు. కొంచెం చప్పుడు చేసే ట్యాపెట్టు కంటే అసలు చప్పుడు లేనిదే ప్రమాదం. గ్యాప్ ఎంతన్నది హ్యాండ్‌బుక్‌లో చూసి, ఫీలర్ గేజితో కొలిచే మెకానిక్ దగ్గరే చేయించండి. చెవితో సెట్ చేసేవాళ్ల దగ్గర వద్దు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాక, ఇంకా రాళ్లలో బలం కావాలంటే అప్పుడు స్ప్రాకెట్. ముందు స్ప్రాకెట్ 13 పళ్లది 12కి మారిస్తే లాగే బలం 8 శాతం పెరుగుతుంది. వెనక స్ప్రాకెట్‌కి మూడు పళ్లు పెంచినా దాదాపు అంతే. ముందుది మార్చడం చవక, పని తొందరగా అవుతుంది, చైను కూడా మార్చక్కర్లేదు. కానీ చిన్న స్ప్రాకెట్ మీద చైను ఎక్కువ వంగుతుంది, త్వరగా అరుగుతుంది. అరిగిన చైను మీద కొత్త స్ప్రాకెట్ వేయడం దండగ. వేగం కూడా అంతే తగ్గుతుంది. ఇంతకు ముందు 80 పోయే ఆర్‌పీఎం దగ్గర ఇప్పుడు 74. రోజూ గుంటూరు నుంచి విజయవాడ హైవే మీద ఆఫీసుకి వచ్చేవాళ్లకు ఇది తలనొప్పి, పైగా ఇంజిన్ రోజంతా ఎక్కువ తిరిగి హైవే మీద కూడా వేడెక్కుతుంది. వారాంతంలో కొండలెక్కడానికే బండి ఉన్నవాళ్లు మాత్రం నిస్సంకోచంగా మార్చుకోవచ్చు. జబ్బున్న బండికి స్ప్రాకెట్ మారిస్తే జబ్బు కొన్నాళ్లు దాక్కుంటుంది, అంతే.

దారిలో వేడెక్కితే ఏం చేయాలన్నది చాలామందికి తెలియదు. కష్టమైన ఎత్తు ఎక్కాక చదును దొరికితే ఆగకుండా, రెండు నిమిషాలు పై గేరులో తేలిగ్గా పోనివ్వండి. గాలి తగులుతుంది, ఆయిల్ తిరుగుతుంది. ఆ వీలు లేకపోతే ఇంజిన్ ఆపేసి, బండి ముఖం గాలి వచ్చే వైపు తిప్పి నీడలో నిలబెట్టండి. ఆపి ఐడ్లింగ్‌లో వదిలేయడం వల్ల చల్లబడదు. ఇసుకలో టైరు గాలి 18 పీఎస్ఐ దాకా తగ్గిస్తే టైరు పరుచుకుని ఇంజిన్ మీద భారం బాగా తగ్గుతుంది. ఈ బండివి ట్యూబు టైర్లు కాబట్టి అంతకంటే తగ్గించి రాళ్లలోకి పోతే ట్యూబు నొక్కుకుని రెండు చోట్ల పంక్చరవుతుంది. తిరిగి రోడ్డెక్కగానే గాలి నింపుకోవాలి, చిన్న పంపు వెంట ఉండాల్సిందే. కొండపల్లి రిజర్వు అడవిలో అనుమతి లేని దారుల్లోకి మాత్రం బండి దించకండి.

కొనాలా వద్దా? 2025 జనవరిలో ఎక్స్‌పల్స్ 210 వచ్చింది. లిక్విడ్ కూలింగ్, 6 గేర్లు, 24.6 పీఎస్, 20.7 న్యూటన్ మీటర్లు. మన ఎండలకూ, హైవేకీ ఆ బండే మేలు, అందులో సందేహం లేదు. దాని టార్క్ కూడా 7250 ఆర్‌పీఎం దగ్గరే కాబట్టి దాన్నీ తిప్పే తోలాలి. రేడియేటర్‌కి మట్టి బాధ ఎలాగూ తప్పదు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, కాబట్టి పాత వీడియోల్లో చెప్పిన ధరలు నమ్మకుండా షోరూమ్‌లో కొత్త కొటేషన్ తీసుకోండి. ఎప్పుడో ఒకసారి హైవే, ఎక్కువగా పొలం గట్లు, ఇసుక, రాళ్లు అనుకునేవాళ్లకు 200 4వీ ఇప్పటికీ సరిపోతుంది. విప్పి బిగించుకోవడం సులువు, పడితే పోయేవి తక్కువ.

సెకండ్ హ్యాండ్‌లో తీసుకునేటట్టయితే అమ్మేవాళ్లకు ముందు రోజే చెప్పండి, బండి స్టార్టు చేయకుండా ఉంచమని. వెళ్లగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూడండి. చల్లటి స్టార్టింగ్ చూశాక అరగంట నడపండి, నాలుగో గేరు పరీక్ష చేయండి, ఆపి రెండు నిమిషాలాగి మళ్లీ సెల్ఫ్ కొట్టండి. ఆ తర్వాత టార్చి తీసి కూలర్ వెనక పెట్టి చూడండి.